శనివారం తప్ప

“శనివారం తప్ప ఏ రోజైనా వెళ్లండి,” అంది అమలమ్మ, చేటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే.

కోడలు సంపూర్ణమ్మకు ఒళ్లు మండిపోయింది. బెజవాడలో ఎగ్జిబిషన్ పెట్టారని, అందులో జెయింట్ వీలు కొబ్బరిచెట్టు కన్నా ఎత్తుకు లేస్తుందని తెలిసిన దగ్గర్నుంచి పిల్లలిద్దరూ అన్నం సరిగ్గా తినడం లేదు. ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీలో చెరకు ఆడే రోజులు. సెలవు దొరకడమే గగనం. అయినా ఆమె భర్త అంతోని ఎవరినో బతిమాలి శనివారం డ్యూటీ మార్చుకున్నాడు. ఇంటిల్లిపాదీ బయల్దేరాలని, పులిహోర కలిపి పట్టుకెళ్లాలని, మామగారు శౌరయ్య కూడా రావాలని అన్నీ అనుకున్నాక, ఇప్పుడు అత్తగారి అడ్డుపుల్ల.

శనివారం తనకు గుణదల మాత దగ్గర మొక్కుందని అమలమ్మ చెప్పింది. అయితే మరీ మంచిది, పొద్దున్నే అందరం కొండకు వెళ్లి, సాయంత్రం ఎగ్జిబిషన్ చూసుకుని వద్దామంది కోడలు. ఆ మొక్కు ఒంటరిగా తీర్చుకునేదంది అత్తగారు. ఏం మొక్కు అని అడిగితే, బయటికి చెబితే ఫలించదంది.

“సోమవారం దాకా ఎగ్జిబిషన్ ఎక్కడికీ పోదులే,” అని అంతోని తేల్చేసి, డ్యూటీ మళ్లీ మార్పించుకోడానికి వెళ్లిపోయాడు.

సంపూర్ణమ్మ మనసు మాత్రం కుదుటపడలేదు. అత్తగారు అప్పుడప్పుడూ ఇలా గుణదల పేరు చెప్పి ఒంటరిగా వెళ్తూనే ఉంది. వెళ్లేటప్పుడు ఒక్క కొవ్వొత్తి కొనగా ఎవరూ చూడలేదు. వచ్చేటప్పుడు మాత్రం ముఖం వెలిగిపోతూ ఉంటుంది. కొండమీద రద్దీగా ఉందా అని అడిగితే మాట మార్చేస్తుంది. ఆడపడుచు రావమ్మ కాపురం బెజవాడలోనే. తల్లీ కూతుళ్లు ఒకచోట కూర్చుని తన మీద ఏదో అల్లుతున్నారని సంపూర్ణమ్మ అనుమానం.

ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. పెద్దదాని బాప్తిస్మం విందులో, వడ్డన దగ్గర మొదలైన మాటా మాటా పెరిగి, అమలమ్మా, సంపూర్ణమ్మ తల్లి తెరేసమ్మా పదిమందిలో పోట్లాడుకున్నారు. ఆనాటి నుంచి ఉయ్యూరుకూ, సంపూర్ణమ్మ పుట్టిల్లు పామర్రుకూ మధ్య రాకపోకలు లేవు. సంపూర్ణమ్మ ఐదేళ్లుగా క్రిస్మస్‌కి ఒక్కసారి, అదీ దొంగలా పుట్టింటికి వెళ్లొస్తోంది. ఇక ఆ ఒక్కసారికి కూడా ఎసరు పెడుతున్నారేమోనని ఆమె భయం.

శనివారం మధ్యాహ్నం అమలమ్మ పట్టుచీర కట్టుకుని, ముఖానికి పౌడరు అద్దుకుని బయల్దేరింది. సంపూర్ణమ్మ పిల్లల్ని మామగారికి అప్పజెప్పి, టైలరు దగ్గర పనుందని చెప్పి వెనకాలే నడిచింది. బెజవాడ బస్సు కదలబోతుండగా తల మీదుగా కొంగు కప్పుకుని వెనక నుంచి ఎక్కింది. బస్సు కిక్కిరిసి ఉంది. ముందు సీట్లో కూర్చున్న అత్తగారు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

బెజవాడలో అమలమ్మ రిక్షా ఎక్కింది. సంపూర్ణమ్మ ఇంకో రిక్షా ఎక్కి, ముందు పోతున్న దాన్ని వదలొద్దని చెప్పింది. ఆ రిక్షా గుణదల వైపు తిరగలేదు. రావమ్మ ఇంటి వైపూ తిరగలేదు. తిన్నగా వెళ్లి ఎగ్జిబిషన్ గేటు ముందు ఆగింది.

మైకుల హోరు, బజ్జీల వాసన, జనం తోపులాట. అమలమ్మ ఎవరినీ దారి అడక్కుండా జెయింట్ వీలు దగ్గరికి నడిచింది. అక్కడ ఒకామె తలనిండా కొంగు కప్పుకుని, ఇటు వీపు పెట్టి నిలబడి ఉంది. అత్తగారు వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కలిసి తొట్టిలో కూర్చున్నారు. సంపూర్ణమ్మ బజ్జీల కొట్టు చాటు నుంచి తొంగిచూసింది. రావమ్మ సన్నగా రివటలా ఉంటుంది. ఈమె లావు. మరి ఎవరీమె? చాటుగా మాట్లాడేంత రహస్యం ఏమిటి?

చక్రం లేచింది. పైనుంచి అత్తగారి గొంతు వినబడింది.

“కళ్లు తెరువు వదినా, ఏం కాదు.”

గాలికి పక్కనున్నామె కొంగు జారిపోయింది. సంపూర్ణమ్మ కొట్టు చాటు నుంచి ఇవతలికి వచ్చేసింది. ఆమె తెరేసమ్మ. తన కన్నతల్లి.

చక్రం ఆగేసరికి సంపూర్ణమ్మ మెట్ల దగ్గర నిలబడి ఉంది. తెరేసమ్మ కూతుర్ని చూసి కొంగుతో ముఖం కప్పుకోబోయి, ఇక లాభం లేదని మానేసింది. అమలమ్మ మాత్రం తొణకలేదు. ముగ్గురికీ బజ్జీలు తీసుకుని ఓ మూలకు నడిపించింది.

ఐదేళ్లుగా క్రిస్మస్ క్రిస్మస్‌కీ తాను కార్చిన కన్నీళ్లే మళ్లీ సంపూర్ణమ్మ కళ్లలోకి వచ్చాయి.

“మీరిద్దరూ ఎప్పుడు కలిసిపోయారమ్మా?” అంది.

“విడిపోతే కదే కలవడానికి,” అంది తెరేసమ్మ.

ఆ మాట సంపూర్ణమ్మకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపికా లేదు. కోపం ఎటు పోయిందో, కళ్లు తుడుచుకుని నవ్వేసింది. ఇవాళే ఇంట్లో చెప్పేస్తానంది. సోమవారం నాన్ననూ తీసుకుని రమ్మని తల్లితో అంది. రెండిళ్ల వాళ్లూ కలిసి ఎగ్జిబిషన్ చూస్తే పిల్లలకు ఎంత పండగో అంది.

అమలమ్మ చటుక్కున కోడలి చెయ్యి పట్టుకుంది.

“అంత పని చెయ్యకు తల్లీ. మేం పోట్లాడుకున్నాకే మీ మామయ్యా మీ నాన్నా ఒకరి గడప ఒకరు తొక్కడం మానేశారు. తాగడానికి తోడు దొరక్క ఇద్దరూ సారా మానేశారు.”