ఎదురు నిలిచిన మనిషి

"చచ్చాం! మళ్లీ ఎదురొచ్చింది" అన్నాడు నెడ్.

రాల్ఫ్ తలెత్తి చూశాడు. సందు మొదట్లో నల్లకోటు వేసుకుని లండన్ నుంచి వచ్చిన ఆ ఆడమనిషి నిలబడి ఉంది.

డర్హమ్ బొగ్గుగనుల్లో అదొక పట్టింపు. పనికి వెళ్లేవాడికి దారిలో ఆడమనిషి ఎదురైతే, వెనక్కి తిరిగి ఇంటికి పోవాల్సిందే. వరసగా ఇది మూడో రోజు.

"ఏమ్మా, మా పొట్ట కొట్టడానికే వచ్చావా? ఎదురు రాకూడదని తెలీదూ?" అని రాల్ఫ్ విరుచుకుపడ్డాడు.

"తెలుసు. అందుకే నిలబడ్డాను."

"ఎంత ధైర్యం!"

"చెబితే మేనేజరు వినలేదు, మీరూ వినలేదు. మరేం చెయ్యను?" ఆమె చేతిలోని పటం విప్పింది. "ఇది ఎప్పుడో మూసేసిన పాత గని. నిండా నీళ్లు. మీరు తవ్వుతున్న గోడకి పది గజాల అవతలే ఉంది. దిగకండయ్యా, మీకు దణ్ణం పెడతాను."

"అన్నా, మనకి బొగ్గు తవ్వడం నేర్పుతుందట!" అన్నాడు నెడ్. వెంట ఉన్న పనివాళ్లందరూ పగలబడి నవ్వారు.

రాల్ఫ్ నవ్వలేదు. పటం లాక్కుని బురదలో తొక్కాడు. ఆమె రెక్క పట్టుకుని తీసుకెళ్లి రైలెక్కించాడు. ఊరికి పట్టిన పీడ వదిలించానని ఆ పూట బీరు ఇంకో రెండు గ్లాసులు ఎక్కువే తాగాడు.

శనివారం వారపత్రిక వచ్చింది. అందులో ఆంబ్రోస్ వేన్ అనే రచయిత రాస్తున్న సీరియల్‌ని అందరికీ పైకి చదివి వినిపించేది రాల్ఫే. భూమి అడుగున ఊళ్లు, రాతిని వెన్నలా కోసే యంత్రాలు, గాలి చాలక కొట్టుకునే మనుషులు. విన్నవాళ్లకి ఒళ్లు జలదరించింది.

"ఈ వేన్ దొర ఎప్పుడో బొగ్గు తవ్వినవాడే. పందెం!" అన్నాడు నెడ్.

"ఆయన మాట మీద కళ్లు మూసుకుని నడవొచ్చురా" అన్నాడు రాల్ఫ్.

సోమవారం దారిలో ఎవరూ ఎదురు రాలేదు. అందరూ దిగారు.

పదిగంటలకి గోడ బద్దలైంది. నీళ్లు పద్నాలుగు మందిని మింగేశాయి. నెడ్ శవం మూడు రోజులకి దొరికింది. తమ్ముణ్ణి గుర్తుపట్టడానికి రాల్ఫ్‌కి అతని చేతి మీది పాత మచ్చే ఆధారమైంది.

"అక్కడ నీళ్లున్నాయని ఎవరికి తెలుసు?" అన్నాడు మేనేజరు విచారణలో.

రాల్ఫ్‌కి తెలుసు. తనే తొక్కేసిన పటం గురించి ఏ ముఖం పెట్టుకుని చెప్పగలడు? ఆ సాయంత్రమే పత్రిక చిరునామాకి ఉత్తరం రాశాడు.

"వేన్ దొరగారికి. భూమి లోపలి సంగతులు తెలిసినవారు మీరే. విచారణకి వచ్చి మా తరపున ఒక్క మాట చెప్పండి. మా మాట ఎవరూ వినరు."

'గురువారం మధ్యాహ్నం బండికి వస్తున్నాను' అని తంతి వచ్చింది.

రాల్ఫ్ ఉన్నవాటిలో మంచి కోటు వేసుకుని, టోపీ చేత్తో పట్టుకుని స్టేషన్లో నిలబడ్డాడు.

బండి దిగింది ఒక్కరే.

"నేనే ఆంబ్రోస్ వేన్‌ని" అంది, అతను ఊళ్లోంచి తరిమేసిన ఆ నల్లకోటు మనిషి.