గాలి బరువు

"ఈ రెక్క ఎవురు బిగించినారప్పా?"

గిరీష్ తలెత్తి చూశాడు. షెడ్డు వాకిట్లో యాభై అయిదేళ్ల మనిషి. భుజాన గుడ్డసంచి.

"నేనే. యాల?"

"సూసేకి బాగుండాది. కానీ నిలబడదు."

మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మీద గిరీష్‌కు టింకరింగ్ షెడ్డుంది. కార్ల సొట్టలు తీసి రంగులేస్తాడు. ఆ ఏడు, తొంభై ఏడులో, తమ్ముడు వినోద్ కోసం పాత కారొకటి కొని రేసు కారుగా మారుస్తున్నాడు. మద్రాసు దగ్గర జరిగే రేసుకు ఇంకా పది రోజులే ఉంది. వెనక డిక్కీ మీద అల్యూమినియం రెక్క బిగించిన రోజు నుంచి జనం ఆగి ఆగి చూసిపోతున్నారు, పేపర్లో ఫోటో కూడా పడింది.

"ఎవరు నువ్వు?"

"గంగులయ్య. మాది కుప్పం. పెయింటింగ్ పనేమన్నా ఉంటాదేమోనని వచ్చినా."

రంగులేసే మనిషి అవసరమే. గిరీష్ ఉండమన్నాడు.

గంగులయ్య మంచి పనివాడు. మాట్లాడేది తక్కువ. మూడో రోజు మాత్రం ఉండబట్టలేక వినోద్‌ను పిలిచాడు.

"ఎప్పుడన్నా బస్సు కిటికీలోంచి చెయ్యి బయట పెట్టినావా నాయనా?"

"పెట్టినా."

"బొటనవేలి పక్క కిందికి వంచితే ఏమైతాది?"

"చెయ్యి కిందికి పోతాది."

"ఈ రెక్క పనీ అదే. గాలి దీని మీద కూర్చోని ఎనక టైర్లను రోడ్డుకు అదిమిపెడతాది. మలుపుల్లో బండి జారదు. కానీ రేసు స్పీడులో పోతాంటే, దీని మీద ఒక మనిషి ఎక్కి కూర్చున్నట్లే. ఈ డిక్కీ రేకు మోస్తాదా?"

వినోద్ అన్న వైపు చూశాడు.

"రోడ్డు మీద తోలి సూసినాం. ఏమీ కాలేదు," అన్నాడు గిరీష్.

"ఈ రోడ్డులో ఎనభై దాటినారా? స్పీడు రెండింతలైతే గాలి బరువు నాలుగింతలప్పా. రేకుకు వద్దు. రెక్క కాళ్లు పొడుగు సేసి కింద ఫ్రేముకు బిగించు. అయ్యేపని కాదంటే తీసెయ్యి."

"నీకు చెప్పింది రంగు పని. అది సూసుకో."

మర్నాడూ గంగులయ్య అదే మాట అన్నాడు. ఆ మర్నాడూ అదే. గిరీష్‌కు విసుగెత్తింది.

బయల్దేరాల్సిన రోజు పొద్దున్నే గిరీష్ షెడ్డుకు వచ్చేసరికి డిక్కీ మీద రెక్క లేదు. రెండు ముక్కలుగా కోసి నేల మీద పెట్టి ఉంది. పక్కనే గంగులయ్య కూర్చుని ఉన్నాడు. పారిపోలేదు.

"ఏం పన్రా ఇది?"

"తిట్టప్పా, కొట్టు. ఆ పిల్లోడ్ని మాత్రం దీంతో పంపొద్దు."

గిరీష్ కొట్టాడు. చెంప మీద, పనివాళ్లందరూ చూస్తుండగా.

గంగులయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. సంచి భుజాన వేసుకుని బస్టాండు వైపు నడిచాడు.

రెక్క లేకుండానే రేసుకు పోయారు. మలుపుల్లో కారు జారుతుంటే వినోద్ నిదానించక తప్పలేదు. అందరికన్నా ముందు ఒక తెల్ల కారు దూసుకుపోతోంది. దాని వెనక అచ్చం అలాంటి రెక్కే, డిక్కీ మీదే.

"మనకూ ఉండుంటేనా!" అని గిరీష్ పళ్లు కొరికాడు.

ఆరో చుట్టులో ఆ రెక్క పెళ్లున ఊడి గాల్లోకి లేచింది. తెల్ల కారు గిర్రున తిరిగి గోడకు కొట్టుకుంది.

దాన్ని తోలిన కుర్రాడు బతకలేదు. ఇరవై రెండేళ్లట.

వినోద్ కారు దిగి, హెల్మెట్ తీసి, ఉన్నచోటే కూలబడ్డాడు.

"అన్నా, ఆయన యాడుండాడో పోయి సూడాల."

గిరీష్ తలూపాడు.

పోవాలనే అనుకున్నాడు. కానీ ఆ చెంపదెబ్బ గుర్తొచ్చినప్పుడల్లా కాళ్లు ముందుకు పడలేదు. వచ్చే వారం అనుకున్నాడు. మామిడి లారీల రిపేర్లు ఎక్కువగా ఉన్నాయి, సీజను అయిపోనీ అనుకున్నాడు. అలా నాలుగు నెలలు గడిచాయి.

చివరికి ఒక ఆదివారం అన్నదమ్ములిద్దరూ కుప్పం వెళ్లారు. అడగ్గా అడగ్గా రైల్వే స్టేషను వెనక సందులో ఇల్లు దొరికింది. గంగులయ్య భార్య పాపక్క తలుపు తీసింది.

"ఆయన పోయి ఇరవై దినాలాయ నాయనా," అంది. "నిద్దర్లోనే పోయినాడు."

గిరీష్ మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"నేను ఆయన్ని కొట్టినానమ్మా."

"చెప్పినాడు."

"తిట్టినాడా నన్ను?"

"లేదు. ఆ పొద్దు ఇంటికొచ్చి కడుపు నిండా సంగటి తిన్యాడు. ఆయన అట్ల తిని తొమ్మిదేండ్లాయ." పాపక్క వినోద్ దగ్గరికి వచ్చింది. "నువ్వేనా వినోదు?" అని అతని చెంప నిమిరింది.

"ఇవన్నీ ఆయనకెట్ల తెలుసమ్మా? పెయింటర్ని అన్న్యాడే?" అన్నాడు వినోద్.

"పెయింటరు యాడ! పేపర్లో మీ కారు ఫోటో సూసి, ఏదో ఒక పని పేరు చెప్పుకోని వచ్చినాడు. మద్రాసులో రేసు కార్లకు బాడీలు కట్టేవాడు ఆయన. మాకు ఒగడే కొడుకు, హేమంతు. వాడు ఆ కార్లు తోలేవాడు. తొమ్మిదేండ్ల కింద రేసులోనే పోయినాడు."

వినోద్ చెంప మీద పాపక్క చెయ్యి అలాగే ఉంది.

"వాడి కారుకు, డిక్కీ రేకు మీద రెక్క బిగించింది ఆయనే నాయనా."