నది దాటేదాకా

"ఈసారి పెట్టె దించావంటే నేనొక్కణ్ణే వెళ్లిపోతాను" అన్నాడు నర్సమ్మ భర్త, కారు డిక్కీని మోకాలితో అదిమి మూస్తూ.

ఆయన గోల ఆయనది. ఉత్తరపు కొసన, మంచులో కూరుకుపోయిన ఆ ఊరికి నర్సమ్మ వీడ్కోలు చెప్పడం ఇది నాలుగోసారి. మొదటిసారి బయల్దేరుతుంటే పంతులమ్మకు నొప్పులొచ్చాయి. రెండోసారి కమ్మరి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మూడోసారి వీధిలో ఎవరో గట్టిగా దగ్గారు, అంతే. ప్రతిసారీ పెట్టె దిగింది.

ఈసారి దిగితే కష్టమే. నది మీద మంచు ఇంకో రెండు రోజులే కారు బరువు మోస్తుంది. ఆ తర్వాత పడవలు తిరిగేదాకా రెండు నెలలు ఎక్కడివాళ్లక్కడే. ఊరు వదిలి దక్షిణాదికి మకాం మార్చే పది రోజుల ప్రయాణం కోసం ఆయన మ్యాపు మీద గీతలు గీసీ గీసీ మ్యాపు చిరిగే దాకా తెచ్చాడు.

కొత్త నర్సు వచ్చి పది రోజులైంది. తాళాలు, మందుల బీరువా అప్పగించడం అయిపోయింది. ఇక మిగిలింది వీడ్కోలే. ఏడుపు ఎటూ తప్పదని నర్సమ్మ రెండు రుమాళ్లు పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

ఒక్కరంటే ఒక్కరు రాలేదు.

"బజారు మీదుగా పోనివ్వండి" అంది చివరికి కారెక్కి.

రొట్టెల కొట్టు ముసలాయన మాటల్లో పెడితే గంటకు గానీ వదలడు. అలాంటివాడు కళ్లదాకా మఫ్లరు చుట్టుకుని అద్దం వెనకాల నిలబడి చెయ్యి ఊపాడు. నర్సమ్మ కారు దిగబోతే లోపల్నుంచి గడియ పెట్టేశాడు. బడి దగ్గర పంతులమ్మ, ఆరోజు వచ్చిన నలుగురు పిల్లల్నీ కిటికీలో నిలబెట్టి చేతులూపించింది, తలుపు మాత్రం తీయలేదు. కమ్మరి ఎదురుపడ్డవాడల్లా గబగబా రోడ్డు అవతలికి దాటి, అక్కణ్ణుంచి ఒక దండం పెట్టాడు.

"పన్నెండేళ్లండీ! ఈ ఊరి పిల్లలందరికీ ఈ చేతులతోనే పురుడు పోశాను. వెళ్లిపోతున్నానని ఇంత కోపమా?"

"కోపం కాదు, అనుమానం. మూడుసార్లు సాగనంపి మోసపోయారు కదా!"

నర్సమ్మ నవ్వలేదు. నది మీదికి దిగే దారిలో గేటు దగ్గరుండే కాపలాదారు మీద ఆశ పెట్టుకుంది. అతను ఒట్టి వాగుడుకాయ, ఊరికే వదలడు. ఈరోజు గదిలోంచి కాలు బయట పెట్టలేదు. గేటు ఎత్తి, కిటికీలోంచి 'పోండి పోండి' అన్నట్టు చేత్తో సైగ చేశాడు.

"నువ్వు కూడానా!" అంది నర్సమ్మ.

అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఆమె మనసు చివుక్కుమంది. కారు నది మీదికి దిగాక కూడా కంట తడి రాలేదు. "ఈ ఊరి మొహం మళ్లీ చూస్తే ఒట్టు" అంది.

గంట ప్రయాణం తర్వాత పెట్రోలు బంకు దగ్గర ఆగారు. టీ గ్లాసు చేతికి వచ్చిందో లేదో ఫోను మోగింది. కొత్త నర్సు.

"అక్కా, జ్వరం బిళ్లలు ఇంకా ఎక్కడున్నాయి?"

"కింది అరలో పెద్ద డబ్బా ఉంది. పైన పెట్టినవన్నీ ఏమయ్యాయి?"

"పంచేశాను. మీ కారు నది దాటిందని తెలిసిందో లేదో ఊరు ఊరంతా ఆసుపత్రి ముందు వాలిపోయింది. నాలుగు రోజులుగా ఇంటింటా జ్వరాలేనట! మీకు తెలిస్తే పెట్టె దించేస్తారని ఎవరూ నోరు మెదపలేదు. దగ్గు వినబడుతుందని దగ్గరికి కూడా రాలేదట."

నర్సమ్మ టీ గ్లాసు కింద పెట్టేసింది. భర్త వైపు చూసింది. ఆయన మ్యాపు మడిచి, కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు.

"ఉండమ్మా, వచ్చేస్తున్నాం. గంటలో అక్కడుంటాం" అంది నర్సమ్మ ఫోనులో.

"రాలేరక్కా. అయినా మామూలు జ్వరాలే, నేను చూసుకుంటాగా. కాపలాదారు గేటుకు తాళం బిగించి, తాళంచెవి నా చేతిలో పెట్టి, ఇప్పుడే వెళ్లి వరసలో నిలబడ్డాడు."