సేటు గోడ మీద గీత

పోతిరెడ్డిపల్లిలో మా గల్లీని వెడల్పు చేసి మురుగు నీటికి మోరీ, నడకదారి వేస్తారని తెలిసిన రోజే, మా ఇంటికి ఎదురుగా ఉన్న కిరాణా దుకాణం విఘ్నేశ్వర్ సేటు గోడ మీద ఎర్ర రంగుతో గీత గీసి, పక్కన 'మూడు ఫిట్లు' అని రాశాను. అక్కడిదాకా కూలగొడతారని అర్థం. దుకాణాన్ని గల్లీలోకి పెంచి, అంబులెన్సు కూడా తిరగకుండా చేసిన మనిషికి ఆ మాత్రం భయం ఉండాలి.

రెండు రోజులు సేటు బేరాలు మానేసి ఆ గీత దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను ఊరుకుంటానా?

"ఏం సేటూ, గోడకు జరమొచ్చిందా? దగ్గర్నే కూసుంటివి!"

"నీ నోట్ల మన్ను వడ."

మూడో రోజు కొలిచేవాళ్లు నిజంగానే వచ్చారు. గీత చూశారు.

"ఇటు మార్కింగ్ అయిపోయింది. తక్కువపడ్డ మూడు ఫీట్లు అటు తీస్కోండ్రి" అంటూ మా ఇంటి ముందు గది సగం పోయేలా గీత గీశారు.

"సార్, గా గోడ మీది గీత నేను గీసింది! మజాక్ చేసిన!" అని అరిచాను.

గల్లీ మొత్తం పకపకా నవ్వింది. "ముకుందు మాట నమ్మకుండ్రి సార్, లేస్తే వానికి మజాకులే."

వాళ్లు వెళ్లాక సేటు నా గుమ్మం ముందుకొచ్చాడు.

"ఫీట్లుకు దీర్ఘం పెట్టరాదు నీకు. గిది నీ పనేనని మొదటి దినమే ఎరుక. అసలు ప్లానుల నాది ఆరు ఫీట్లు పోవాలె. నీ గీత ఎవడన్న చెరిపేస్తడేమోనని రెండు దినాలు కావలి కాసిన్రా."