మూసిన కిటికీ

"డెస్మండ్, అటు చూడు. మళ్లీ గోడ తడుతున్నాడు."

మారియన్ భర్త చెవిలో గొణిగింది.

వారం రోజులుగా కారులో ఊళ్లు తిరుగుతున్న ఆ దంపతులు, ఆదివారం చర్చిలో ప్రార్థన ముగించుకుని, చుట్టూ నీటి కందకం ఉన్న ఈ పాత కోటకు వచ్చారు. పరదేశిని ఆదరించమని ఆ ఉదయమే గొంతెత్తి పాడారు.

కానీ టికెట్ల దగ్గర అంటించిన కాగితం మారియన్ కంట పడింది. పోయిన వారం ఇక్కడ వెండి గిన్నె దొంగలెత్తుకుపోయారట.

అప్పటినుంచి ఆమె చూపు ఒక ముసలాయన మీదే ఉంది.

మాసిన కోటు. పక్క తలుపులోంచి వచ్చాడు. ప్రతి గదిలోనూ వేళ్ల కణుపులతో గోడను తట్టి, చెవి ఆనించి వింటున్నాడు.

"మతి సరిగా లేదేమో పాపం," అన్నాడు డెస్మండ్.

"మతికేం, భేషుగ్గా ఉంది. ఎక్కడ డొల్లగా ఉందో చూసుకుంటున్నాడు."

పై గదిలో, ఎండకు పాత తెరలు వెలిసిపోతాయని కిటికీ మూసి ఉంచారు. పక్కన ఒక కుర్చీ. కూర్చోవద్దన్న గుర్తుగా దాని మీద ఎండిన పైన్ కాయ.

ముసలాయన ఆ కాయ తీసి కూర్చున్నాడు. కిటికీ గడియ మీద చెయ్యి వేశాడు.

మారియన్ పరుగున వెళ్లి గైడును పిలుచుకొచ్చింది.

"అయ్యా, అది ముట్టుకోకూడదు. మీ టికెట్ ఏదీ?"

"టికెట్టా? నేనెప్పుడూ కొనలేదమ్మా."

"విన్నారా!" అంది మారియన్.

"ఒక్క నిమిషం తల్లీ. శుక్రవారం కంటికి ఆపరేషన్. చూపు మిగులుతుందో లేదో డాక్టరే చెప్పలేనన్నాడు. ఇక్కణ్ణుంచి ఆ నీళ్లు ఒక్కసారి చూసి పోతాను."

"నీళ్లేగా? బయట చుట్టూ అవే!" అంది మారియన్.

"బయటి నుంచి చాలా చూశానమ్మా."

గైడు మెట్ల వైపు చెయ్యి చూపించింది. ఆయన కాయను మళ్లీ జాగ్రత్తగా కుర్చీ మీద పెట్టి, దిగిపోయాడు.

"తెరిస్తే ఏం పోయేది?" అన్నాడు డెస్మండ్.

"నీకు ఏ కథ చెప్పినా నమ్ముతావు."

పావుగంటకు కోట మేనేజరు రొప్పుతూ వచ్చింది.

"విల్ఫ్ ట్రాంటర్ గారేరీ? పక్క తలుపు తీసి పైకి పంపాను. ఈ కిటికీ నేనే తెరిచి చూపిస్తానన్నాను, ఇంతలో ఫోనొచ్చింది."

గైడు తల దించుకుంది. "బస్సెక్కేశారు."

"ఎవరాయన?" అంది మారియన్.

"ఈ గోడ కందకంలోకి కూలిపోకుండా నలభై ఏళ్లు నడుంలోతు నీళ్లలో నిలబడి రాళ్లు కట్టిన మేస్త్రీ, కోట లోపలికి రావడం మాత్రం ఆయనకు ఇదే మొదటిసారి."