అనుకూలంగా ఒక్కరు

యుద్ధం తొమ్మిదో ఏట పడింది. ఆ టీవీ చానెల్ నియమం మాత్రం మొదటి రోజు నుంచీ ఒకటే. యుద్ధం వద్దనే మనిషిని చూపిస్తే, కావాలనే మనిషిని కూడా చూపించాలి.

వద్దనేవాళ్లకు లోటేముంది? నేల ఈనినట్టు ఉన్నారు. మార్కెట్ వీధిలో విలేకరి మైకు పైకెత్తితే చాలు, తోసుకుంటూ వచ్చి తిట్టిపోస్తున్నారు. కావాలనేవాడు మాత్రం కాగడా పెట్టి వెతికినా దొరకడం లేదు. ఇది మూడో రోజు. మందుల షాపాయనను బతిమాలితే, "రేపు నా షాపు మెట్టు ఎవరెక్కుతారు తల్లీ?" అని దండం పెట్టాడు.

ఆరింటికి వార్తలు. ఇప్పుడు నాలుగున్నర. ఇవాళ కూడా ఉత్తచేతులతో వస్తే ఇక రానక్కర్లేదన్నాడు చీఫ్. ఇల్లంతా ఆమె ఉద్యోగం మీదే నడుస్తోంది. విలేకరికి ఏడుపొక్కటే తక్కువ.

"నేను చెబుతానమ్మా."

ఎవరో పెద్దావిడ. నెరిసిన జుట్టు, మోచేతి దాకా కట్టు.

"యుద్ధం కావాలని చెప్పాలి పెద్దమ్మా," అంది విలేకరి, నమ్మలేక.

"అలాగే. వద్దనేవాళ్లలో మూడు రోజులు నిలబడ్డాను. అంతమందిలో నన్నెక్కడ వేస్తారు?"

ఓహో, టీవీ పిచ్చి! విలేకరికి ఒళ్లు మండింది. అవసరం తనదాయె, మైకు ముందుకు పెట్టింది.

"మొహం బాగా కనిపిస్తుందా?"

"కనిపిస్తుంది."

"కింద పేరు వెయ్యాలి. ఇంటిపేరుతో సహా. తప్పు పడకూడదు."

"వేస్తాం పెద్దమ్మా."

"ఇవాళేనా? సరిహద్దు దాకా వస్తుందా?"

"అక్కడి సైనిక శిబిరాల్లో వచ్చేది మా చానెల్ ఒక్కటే."

పెద్దావిడ జుట్టు సర్దుకుంది. కెమెరాలోకి సూటిగా చూసింది.

"యుద్ధం ఆగకూడదు. గెలిచేదాకా జరగాల్సిందే."

గుంపు భగ్గుమంది. కూరలమ్మే ఆవిడ కాండ్రించి ఉమ్మింది. ఎవరో విసిరిన టమాటా పెద్దావిడ భుజం మీద పగిలింది. ఆవిడ కెమెరా మీంచి చూపు తిప్పలేదు.

విలేకరి బతికిపోయింది. కెమెరా సర్దేస్తుంటే మాత్రం ఉండబట్టలేకపోయింది.

"టీవీలో కనపడ్డానికి ఇన్ని చీవాట్లా పెద్దమ్మా? మీవాళ్లెవరూ యుద్ధానికి పోలేదా?"

"ఉన్న ఒక్క కొడుకూ అక్కడే ఉన్నాడమ్మా; మా వీధి మీద బాంబు పడ్డ రోజు, చచ్చిపోయినవాళ్ల పేర్లలో మీ చానెల్ నా పేరు కూడా చదివింది, వాడు వినే ఉంటాడు."