పచ్చ చీర పార్శిల్

మంగతాయారు గుమ్మం ముందు ‘సాగనంపు’ వాళ్ళ పెట్టె దిగింది. చావు సామాను తప్ప ఇంకేమీ అమ్మని ఆన్‌లైన్ కొట్టు అది. కాకినాడలో అందరి చేతులకీ ఉన్న నాడి కడియాలను చదివి, మనిషి పోయే ముందురోజే సరుకు చేరుస్తుంది. అప్పటిదాకా ఒక్కసారీ లెక్క తప్పలేదు కాబట్టే పెద్ద పెద్ద కంపెనీలు ఆ వ్యాపారం జోలికే రావడం మానేశాయి.

"మా ఆయన లక్షణంగా దిబ్బరొట్టె తింటున్నారు, కనబడ్డంలేదా? పట్టుకుపో!" అని డెలివరీ అమ్మాయి మీద విరుచుకుపడింది మంగతాయారు.

"విప్పి చూసుకోండమ్మా."

చాకుతో పెట్టె కోసింది. లోపల పసుపు, కుంకుమ, డజను గాజులు, ఒక పచ్చ చీర. ముత్తయిదువను సాగనంపే సామాను. అంటే పోయేది మొగుడు కాదు, తను.

ఆమె చీర పైకెత్తి చూసింది. "ఈ రంగు ఎవరు చెప్పారు?"

"ఇంట్లోవాళ్ళని అడిగే పంపుతామండీ."

సూర్రావు నమలడం ఆపాడు. "మొన్న ఫోన్లో అడిగితే పండగ ఆఫరనుకున్నానే. నీకు పచ్చంటే ఇష్టం కదా?"

"ముప్పయ్యారేళ్ళు కాపురం చేశారు! నేను పచ్చ చీర కట్టగా ఎప్పుడైనా చూశారా? ఆ రంగు చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది!" చీరని ఉండచుట్టి ఆ అమ్మాయి చేతుల్లో కుక్కింది. "నాకు నచ్చిన రంగు వచ్చేదాకా నేను చచ్చేది లేదని మీవాళ్ళతో చెప్పు."

ఇది జరిగి ఆరేళ్ళయింది. నిన్న వచ్చిన వంకాయరంగు చీరని కూడా, అంచు చూసి, వాళ్ళ మొహానే కొట్టింది.